స్టేషన్ దగ్గరి తేడా

చిక్కడపల్లి, హైదరాబాద్
6 జూలై 2025

మామయ్యా,

మీ కవరు అందింది. మొదట ఒక మనవి. కవరు మీద "కెప్టెన్ బాలత్రిపురసుందరి గారికి" అని అంత పెద్ద అక్షరాలతో రాయకండి. మా పోస్ట్‌మాన్ కింద మెట్ల దగ్గరే నిలబడి "కెప్టెన్ సాబ్ ఎవరండీ?" అని మూడో అంతస్తు దాకా వినబడేలా అరిచాడు. ఉమాకాంత్ దిగి వెళ్లి, "మా ఆవిడే" అని తీసుకొచ్చి, నవ్వు ఆపుకుంటూ నా చేతిలో పెట్టాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకో ఇంకోసారి రాస్తాను.

ఫోన్ చేస్తే మీకు వినబడదు. వాట్సాప్ అంటే "అద్దం మీద వేలితో బొమ్మ గీయడం నా వల్ల కాదు" అంటారు. కనుక ఉత్తరమే. నాకూ ఇదే నయంలెండి. నోటితో అన్న మాట వెనక్కి తీసుకోలేం, కాగితం మీదైతే కొట్టేయొచ్చు. ఎన్ని కొట్టివేతలో మీరు చూస్తూనే ఉన్నారు.

విషయానికి వస్తాను. పెద్ద పైలట్ లైసెన్సుకి థియరీ పేపర్లు మూడు. రెండు అయిపోయాయి. మూడోది రేడియో సాయంతో దారి కనుక్కోవడం గురించి. అది రెండుసార్లు తప్పాను. డెబ్బై రావాలి. ఒకసారి అరవై నాలుగు, ఒకసారి అరవై ఎనిమిది. మా చార్టర్ కంపెనీ వాళ్లు ఈసారి ముఖం మీదే చెప్పేశారు. ఈ ఏడాది పరీక్షల్లో అది పాసవకపోతే వచ్చే ఏడాది నుంచి నాకు విమానం లేదు. ఆఫీసులో షెడ్యూళ్ల బల్ల దగ్గర కూర్చోవాలి. సెప్టెంబరులో ఒక అవకాశం, డిసెంబరులో ఒకటి. అంతే.

డ్యూటీ లేని రోజుల్లో ఇక్కడి పెద్ద లైబ్రరీకి పోతున్నాను. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండే గ్రూప్స్ పిల్లలంతా అక్కడే. పొద్దున ఏడింటికి వెళ్తే చెట్టు కింద బెంచీ అయినా దొరుకుతుంది, ఎనిమిదైతే అదీ లేదు. మొదటి రోజే పక్కన కూర్చున్న అమ్మాయి అడిగింది. పేరు భాను, మహబూబ్‌నగర్ వైపు.

"అక్కా, గ్రూప్ వన్నా, టూనా?"

"రెండూ కాదమ్మా."

"మరేంది?"

పుస్తకం చూపించాను. పేజీ నిండా బాణాలు, వృత్తాలు. "గిదేంది, ఏ పోస్టుకు?" అంది. పైలట్‌కి అన్నాను. జరసేపు నా నెరిసిన పాపిట వంక చూసి, "ఏజ్ లిమిట్ లేదా అక్కా?" అని అడిగింది. ఎంత నవ్వానో. తర్వాత ఇంటికొచ్చి అద్దంలో నేనూ చూసుకున్నాను.

ఇప్పుడు నా అనుమానం. మీరు ముప్పైయొక్క ఏళ్లు ఎయిర్‌పోర్టులో ఈ రేడియో స్టేషన్లు నడిపిన మనిషి, మిమ్మల్ని కాక ఎవరిని అడగను? అసలు ఉత్తరానికీ దిక్సూచి చూపే ఉత్తరానికీ మధ్య కొంచెం తేడా ఉంటుంది కదా. ఆ తేడా చోటు చోటుకీ మారుతుంది. స్టేషన్ ఉన్న చోట ఒకటి, విమానం ఉన్న చోట ఒకటి. దిక్కు లెక్క కట్టేటప్పుడు ఏది తీసుకోవాలి? స్టేషన్లు రెండు రకాలు: మీ పాత ఎన్‌డీబీ ఒకటి, తర్వాత వచ్చిన వీఓఆర్ ఒకటి. నా బుర్రలో రెండూ కలిసిపోతున్నాయి. ఒక్క మాటలో తేల్చి చెప్పండి.

మీ పాదాలకి దండం పెడుతూ,
బాల


తెనాలి
14 జూలై 2025

ఉదయం 6.10. కరెంటు ఉన్నది. ఆకాశం మబ్బు. గాలి లేదు. మనిషి కులాసా.

అమ్మాయి బాలకి,

కెప్టెన్ అని ఎందుకు వ్రాయకూడదు? మా పెద్దవాడి పెళ్లిలో మీ అమ్మ పదిమందిలో చెప్పిన మాట అది. మన ఇంటావంటా లేని గౌరవం. పోస్ట్‌మాన్ అరిస్తే అరవనీ. వ్రాస్తాను.

కెప్టెన్‌కి మళ్లీ పరీక్షలేమిటో నాకు అర్థం కాలేదు. ఏదో రూలు కోసం కాగితం అడుగుతున్నారనుకుంటాను. డ్రైవింగ్ తెలిసినవాడికి లైసెన్సు తిరగవ్రాయించినట్టు. నువ్వు ఊరికే కంగారుపడతావు, చిన్నప్పుడూ అంతే. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, వేశానా లేదా అని వెనక్కి వచ్చేదానివి.

నీ ప్రశ్నలో సందేహించడానికి ఏమీ లేదు. లెక్క ఎప్పుడూ స్టేషన్ నుంచే. స్టేషన్ కదలదు, విమానం కదులుతుంది. కదలనిదాన్ని పట్టుకోవాలి. కనుక స్టేషన్ దగ్గరి తేడానే తీసుకో. రెంటికీ ఇదే. బొమ్మ గీసి వెనక అతికించాను.

నా ఎన్‌డీబీ ఇంకా నడుస్తున్నదట. లోపల పెట్టె మార్చారు, పేరు అదే. ప్రతి స్టేషనూ తన పేరు రెండు అక్షరాల్లో మోర్స్‌లో కూస్తూ ఉంటుంది, నీకు తెలుసు. నాది: ఒక పొడుగు, రెండు పొట్టి. కాస్త ఆగి, ఒక పొట్టి, ఒక పొడుగు. తుఫాను వచ్చిన ఏడాది కరెంటు మూడు రోజులు లేదు. జనరేటర్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను, ఆ కూత ఆగకూడదని. జనరేటర్ మోత నా చెవులు తీసుకున్నది, ఆ మూడు రోజుల్లో కాదు, మొత్తం సర్వీసులో. కూత మాత్రం చేతివేళ్లకి గుర్తే. కాఫీ వచ్చేలోపు బల్ల మీద కొడుతూ ఉంటాను. మీ అత్తయ్య ఉన్నప్పుడు "ఆ తలుపు ఎవరో కొడుతున్నారు" అని లేచేది.

విమానంలో స్టేషన్ వైపు చూపే ముల్లుని నమ్మేముందు పేరు విను. ఇది మరవకు.

నీ క్షేమం కోరే
విశ్వేశ్వరరావు


చిక్కడపల్లి
22 ఆగస్టు 2025

మామయ్యా,

మీ బొమ్మ నా పుస్తకంలో మొదటి పేజీకి అతికించుకున్నాను. పుస్తకం కోఠీలో ఫుట్‌పాత్ మీద కొన్న పాతది. ఇంతకుముందు దాన్ని చదివినవాడెవరో పెన్సిల్‌తో జవాబులు రాసుకుని అన్నీ చెరిపేశాడు. గీతల గుర్తులు మిగిలాయి. ఎక్కువచోట్ల చెరిపేసిందే సరైన జవాబు. నాలాంటివాడే, పాపం.

ఆలస్యంగా రాస్తున్నాను. డ్యూటీలు వరసగా పడ్డాయి. నాతో ఎక్కువగా వచ్చేది ఫణికిరణ్, ముప్పై ఒక్క ఏళ్ల కుర్రాడు. మంచివాడే. నేను మబ్బుల్లో కూర్చుని కూడా పుస్తకంలో లెక్కలు చేసుకుంటుంటే, "మేడమ్, జీపీఎస్ ఉండగా ఈ ముల్లు గోల ఎందుకు మీకు" అంటాడు. పరీక్షలో జీపీఎస్ ఉండదు కదా నాయనా అంటాను.

భాను ఇప్పుడు నాకు పంతులమ్మ. దాని చదువు మధ్యలో అరగంట నా ప్రశ్నల పుస్తకం పట్టుకుని అడుగుతుంది. ఒక్క ముక్క అర్థం కాదు దానికి, కాని వెనక పేజీలో జవాబులు చూసి తిడుతుంది. నిన్న ఆశన్న చాయ్ బండి దగ్గర పెద్ద పంచాయితీ.

"అక్కా, నువ్వు మొదలు 'బి' అన్నవు. రైటే ఉండె. మల్ల 'డి' అన్నవు. ఎందుకు మార్చినవ్?"

"ఏమో, బి మరీ సులువుగా ఉంది."

"సులువుగ ఉంటే తప్పా? ఆశన్నా, జర నువ్వన్న చెప్పు మా అక్కకు."

ఆశన్న గ్లాసులు కడుగుతూ, "నాకేం ఎరుక బిడ్డా. మా ఆవిడ కూడ గంతే, కూరల ఉప్పు ఏసిందో లేదో అని రెండుసార్లు ఏస్తది" అన్నాడు.

ఒక్క సంగతి మాత్రం మీకు చెప్పాలి. పుస్తకంలో వేరేగా ఉంది. వీఓఆర్‌కి స్టేషన్ దగ్గరి తేడా, ఎన్‌డీబీకి మాత్రం విమానం ఉన్న చోటి తేడా తీసుకోవాలట. నాకూ మొదట అలాగే తోచింది. కాని నాకు మొదట తోచినవాటి మీద నాకే నమ్మకం తక్కువ. మూడు రోజులు మీ ఉత్తరం, ఆ పేజీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆఖరికి మీ మాటే ఖాయం చేసుకున్నాను. ఆ పుస్తకం రాసినాయన ఎప్పుడైనా స్టేషన్ తలుపు తీసి లోపలికి వెళ్లాడో లేదో. మీరు ముప్పైయొక్క ఏళ్లు లోపలే ఉన్నారు.

సెప్టెంబరు 9న పరీక్ష. ఈసారి అనుమానం లేదు. ఆశీర్వదించండి.

మీ బాల


(పోస్టు కార్డు)
తెనాలి
4 సెప్టెంబరు 2025

ఉదయం 5.40. వాన. కరెంటు లేదు.

బాలా, ఆగు. కంటి ఆపరేషన్ అయి గుంటూరులో పది రోజులు ఉన్నాను, నీ ఉత్తరం ఇవాళే చూశాను. నేను వీఓఆర్ సంగతి చెప్పానా, ఎన్‌డీబీ సంగతి చెప్పానా? రెంటికీ అని వ్రాశానా? నా ఉత్తరం నకలు నా దగ్గర లేదు. పుస్తకంలోని వాక్యం ఉన్నది ఉన్నట్టు వ్రాసి పంపు. అది చూసేదాకా నా మాట ఖాయం చేయకు. పాత ట్రెయినింగు నోట్సు అటక మీద ఉన్నాయి, దింపిస్తాను.
వి.


చిక్కడపల్లి
27 సెప్టెంబరు 2025

మామయ్యా,

మీ కార్డు పదకొండో తారీఖున వచ్చింది. పరీక్ష తొమ్మిదిన అయిపోయింది.

అరవై ఆరు.

ఆ రకం ప్రశ్నలు మూడు వచ్చాయి, మూడూ ఎన్‌డీబీ మీదే. కంప్యూటర్ మీద పరీక్ష, మౌస్‌తో నొక్కడమే. మూడింటికీ మొదట పుస్తకం చెప్పినట్టే నొక్కాను. చివర పది నిమిషాలు మిగిలాయి. వెనక్కి వెళ్లి మూడూ మార్చాను. ఒక్కోటి రెండు మార్కులు. నేను లెక్కల మనిషిని, చేతి వేళ్ల మీద లెక్కపెట్టినా డెబ్బై రెండు వస్తుంది.

మిమ్మల్ని అనడం లేదు. నిజంగా అనడం లేదు. ఈ వాక్యం నాలుగుసార్లు రాసి కొట్టేశాను, కాగితం చిరిగింది, చూడండి. మీరు నేను అడిగినదానికి జవాబు చెప్పారు. మీరు చెప్పింది తప్పనిపించినా నేనే గట్టిగా కాదనలేదు. ఉమాకాంత్ అంటాడు, "నువ్వు ఆ పరీక్ష పాసయ్యావు, తర్వాత కూర్చుని ఫెయిలయ్యావు" అని. వేళాకోళానికే అన్నాడు. ఆ మాట మీద రెండు రోజులు మాట్లాడలేదు నేను.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఒకేసారి తిట్టండి. నేను కెప్టెన్‌ని కాను మామయ్యా. ఎప్పుడూ కాలేదు. పదకొండేళ్లుగా కుడివైపు సీట్లోనే ఉన్నాను, కో-పైలట్‌ని. అమ్మ పెళ్లిలో అలా చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు, నేను కాదనలేదు. ఈ పేపరు రూలు కోసం అడిగే కాగితం కాదు. ఎడమ సీట్లోకి వెళ్లాలంటే కావలసింది అదే. ఫణికిరణ్ నా తర్వాత ఏడేళ్లకి చేరాడు, వాడు కెప్టెన్. నేను వాడికి చెక్‌లిస్టు చదివి వినిపిస్తాను.

లైబ్రరీకి వెళ్లడం మానేశాను, వారమైంది. నిన్న నారాయణగూడలో కూరలు కొంటుంటే భాను కనబడింది. "ఏంది అక్కా, జాడ లేదు, పరేషాన్ అయిన" అంది. చెప్పాను. అది తిట్టలేదు. సంచిలోంచి చిన్న నోటుబుక్ తీసింది. రెండు నెలలుగా రాసుకుందట: నేను జవాబు మార్చినవి ఇరవై రెండు, అందులో పదిహేడు ఒప్పుని తప్పు చేసినవి. "సారీ అక్కా, నీకు జెప్తే బాధపడ్తవని జెప్పలే" అంది.

డిసెంబరు మిగిలింది. రాయాలా వద్దా తేల్చుకోలేక ఇది రాస్తున్నాను. మీరేమంటే అది.

బాల


తెనాలి
5 అక్టోబరు 2025

ఉదయం 6.00. ఆకాశం నిర్మలం. కరెంటు ఉన్నది. మనిషి బాగోలేదు, కాని పని చేస్తున్నాడు.

బాలా,

అటక మీది నోట్సు దింపించాను. పుస్తకంలో ఉన్నదే సరైనది. నేను తప్పు చెప్పాను.

ఎట్లా తప్పానో ఆలోచించాను. వీఓఆర్‌కి దిక్కులు తెలుసు. ఏ వైపుకి ఏ సంకేతం పోవాలో స్టేషన్‌లోనే అమర్చుతాం, అక్కడి తేడా చూసి. ఆ పని నా చేతులతో చేశాను. అదే మనసులో ఉండిపోయింది. ఎన్‌డీబీకి దిక్కు తెలియదు. అది అన్నివైపులా ఒకేలా కూస్తుంది, అంతే. దిక్కు కనిపెట్టేది విమానంలో కూర్చున్న మనిషి. కనుక తేడా కూడా ఆ మనిషి ఉన్న చోటిదే. ఇంత సులువైన సంగతి దాని పక్కన బ్రతుకంతా కూర్చున్న నాకు తట్టలేదు. ఎందుకంటే మన వైపు ఆ తేడా మహా అయితే ఒక డిగ్రీ. ఏది తీసుకున్నా ఒకటే. తప్పు చేసినా తెలియని చోట బ్రతికాను, అందుకని తప్పు లేదనుకున్నాను.

నేను ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఈ సంగతి నీకు తెలియదేమో. టికెట్టు ఎవరూ ఇవ్వలేదని కాదు, స్టేషన్ వదిలి ఎక్కడికి పోతాను అనుకునేవాడిని.

ఇక నీ సంగతి. నువ్వు కెప్టెన్‌వి కాదని చదివి కోపం వచ్చింది. అబద్ధానికి కాదు, అది మీ అమ్మది. నాకు కోపం వేరే. కుడి సీట్లో కూర్చున్నవాళ్ల పని ఏమిటి? పక్కవాడు పొరబాటు చేస్తుంటే చెప్పడం. పెద్దవాడని, అనుభవం ఉన్నవాడని ఊరుకోకపోవడం. అవునా? నా పొరబాటు నీకు కనబడింది. నీ ఉత్తరంలో నువ్వే వ్రాశావు, "నాకూ మొదట అలాగే తోచింది" అని. తోచి, ఊరుకున్నావు. నన్ను గౌరవించాననుకున్నావు. నేను ఎదురుగా కొండని గుద్దుకునేవాడినైతే అట్లాగే గౌరవించేదానివా?

రాయాలా వద్దా అని నన్ను అడగకు. ఏ ప్రశ్నా అడగకు. నేను కింద స్టేషన్ షెడ్డులో కూర్చున్నవాడిని, నువ్వు పైన ఉన్నదానివి. పరీక్ష ఫలితం వచ్చేదాకా నీ ఉత్తరాలు విప్పను. వ్రాసుకో, పంపుకో, బల్ల మీద పెడతాను. విప్పను.

కవరు మీద కెప్టెన్ అని వ్రాయలేదు. చూశావు కదా.

వి.


చిక్కడపల్లి
23 నవంబరు 2025

మామయ్యా,

మీరు విప్పరని తెలిసే రాస్తున్నాను. అందుకే ఇందులో ప్రశ్న ఒక్కటీ ఉండదు.

మీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది, ఆయనేమిటి ఇంత మాట అనడం అని. ఆ కోపంతోనే మర్నాడు పొద్దున ఆరున్నరకి లైబ్రరీ గేటు దగ్గరున్నాను. వాచ్‌మన్ ఈదయ్య ఇంకా తాళం తీయలేదు. "మీరొచ్చిండ్రంటే ఇగ పరీక్ష ఉన్నట్టే" అన్నాడు.

భాను కొత్త పద్ధతి పెట్టింది. పెన్సిల్ లాగేసుకుంది. పెన్‌తోనే జవాబు పెట్టాలి. మార్చాలనిపిస్తే, ఎందుకు మారుస్తున్నానో పక్కన ఒక వాక్యం రాయాలి. కారణం ఉంటే మార్చొచ్చు, "మరీ సులువుగా ఉంది", "పెద్దవాళ్లు చెప్పారు" లాంటివి కారణాలు కావు. మొదటి వారం పదమూడుసార్లు పెన్ ఎత్తి, రాయడానికి వాక్యం దొరక్క దించేశాను. అనుమానం అంటే ఇంతేనా అనిపించింది. అడిగితే పేరు కూడా చెప్పలేనిది. దాన్ని ఇన్నేళ్లు జాగ్రత్త అనుకుని మోశాను.

పోయిన వారం సంగతి మీకు చెప్పాలి. ఒక పేషెంటుని తీసుకురావడానికి కోస్తాకి ఖాళీగా వెళ్తున్నాం. ఫణికిరణ్ నడుపుతున్నాడు. వాతావరణం పరవాలేదు, ఎడమవైపు మాత్రం ఒక పెద్ద ఉరుముల మబ్బు. జీపీఎస్ ఉన్నా అప్పుడప్పుడు పాత పద్ధతిలో ముల్లు చూసి వెళ్లడం మాకు అలవాటు చేయిస్తారు. ముల్లు నెమ్మదిగా ఎడమకి జరిగింది. వాడు దానితోపాటే విమానం తిప్పబోయాడు.

"అది స్టేషన్ కాదు, మబ్బు," అన్నాను.

"ముల్లు స్టెడీగానే ఉంది కదా మేడమ్."

"పేరు విను."

విన్నాడు. గరగరమని మోత తప్ప అక్షరాలు లేవు. మెరుపుల్ని కూడా స్టేషనే అనుకుని వాటివైపు తిరిగే గుణం ఉంది ఆ ముల్లుకి, నా పుస్తకంలో పాఠం పదకొండు. వాడు చేయి వెనక్కి తీసుకున్నాడు. దిగాక వాడే అన్నాడు: "మీరు ఎప్పుడూ 'కావచ్చేమో' అంటారు మేడమ్. ఇవాళ 'కాదు' అన్నారు. ఒక్క నిమిషం భయమేసింది నాకు."

నాకూ వేసింది. కాని అన్నాను.

డిసెంబరు 9న పరీక్ష. మీకు ఆపరేషన్ అయిన కన్ను ఎలా ఉందో తెలుసుకోవాలని ఉంది. ప్రశ్న ఉండదన్నాను కనుక అడగడం లేదు.

బాల


తెనాలి
20 డిసెంబరు 2025

ఉదయం 6.20. మంచు. ఎదురింటి గేటు కనబడటం లేదు. కరెంటు ఉన్నది.

బాలా,

పరీక్ష తేదీ దాటింది. క్యాలెండర్ మీద నేనే గుర్తు పెట్టుకున్నాను. నీ కవరు ఒకటి బల్ల మీద ఉన్నది. కాస్త బరువుగా ఉన్నది, రెండు కాగితాలు ఉంటాయి. మూడుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేశాను. మాట మాటే. ఫలితం వచ్చాక విప్పుతాను, ఏదైనా సరే.

నిన్ను ప్రశ్నలు అడగవద్దన్నాను. నేను అడగకూడదని అనలేదు. ఒక్కటి ఉన్నది.

ముప్పైయొక్క ఏళ్లు దాన్ని నడిపాను. కూత ఆగితే నిద్రలో కూడా లేచేవాడిని. కాని ఒక ముల్లు దాన్ని చూపించడం నా కళ్లతో ఎప్పుడూ చూడలేదు. విమానాలు పైనుంచి పోయేవి, చప్పుడు తెలిసేది, అంతే. సరిగ్గా నెత్తిమీదుగా పోతున్నప్పుడు మీ దగ్గర ముల్లు ఏమి చేస్తుంది?

పుస్తకంలో ఉన్నది నాకు వద్దు. నోట్సులో ఉన్నది. నువ్వు చూసింది వ్రాయి.

వి.


చిక్కడపల్లి
11 జనవరి 2026

మామయ్యా,

డెబ్బై ఎనిమిది.

ఇక ఆ కవరు విప్పండి. తర్వాత ఇది చదవండి. లేదా ముందు ఇదే చదవండి, మీ ఇష్టం.

ఎన్‌డీబీ ప్రశ్న ఈసారీ వచ్చింది. విమానం ఉన్న చోటి తేడా తీసుకుని లెక్క కట్టి నొక్కాను. చివర పావుగంట మిగిలింది. చేయి మౌస్ మీదికి దానంతటదే పోయింది. భాను చెప్పినట్టు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆ గదిలో అందరికంటే ముసలిదాన్ని నేనే, అందరికంటే ఏ పనీ లేకుండా కూర్చున్నదాన్నీ నేనే.

ఫలితం చూశాక లైబ్రరీకి పరిగెత్తాను. భాను ఎగిరి మెడ కౌగిలించుకుంది. "ఇగ నువ్వు రావు గదా అక్కా" అంది వెంటనే. వస్తానన్నాను. దాని పరీక్షకి ఇంకా మూడు నెలలుంది, ప్రశ్నల పుస్తకం ఇప్పుడు నేను పట్టుకోవాలి. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా సరే. ఆశన్న ఆ పూట చాయ్‌లో అల్లం రెట్టింపు వేశాడు, మరిచిపోయి రెండుసార్లు వేశాడో ఏమో తెలియదు.

కంపెనీ వాళ్లు ఏప్రిల్ నుంచి ఎడమ సీటు ట్రెయినింగ్ అన్నారు. అది కూడా గట్టెక్కాలి. అంతదాకా కవరు మీద పేరు ఒక్కటే రాయండి. ఆ తర్వాత ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, పోస్ట్‌మాన్ ఎంత అరిచినా నేనే దిగి వెళ్లి తీసుకుంటాను.

ఇప్పుడు మీ ప్రశ్న.

మీ కవరు వచ్చినప్పటి నుంచి జవాబు నా దగ్గరుంది, ఎన్నో స్టేషన్ల మీద చూసిందే. కాని మీరు అడిగింది మీ స్టేషన్ గురించి. అందుకని ఆగాను. మొన్న గురువారం మధ్యాహ్నం అటువైపు డ్యూటీ పడింది. ఫణికిరణ్‌ని అడిగాను, మీ స్టేషన్ మీదుగా వెళ్దామా అని. "కావచ్చేమో" అని నసగకుండా, సూటిగానే అడిగాను. కింద ఏటీసీ కంట్రోలు వాళ్లు ఒప్పుకున్నారు.

ముందు పేరు విన్నాను. ఒక పొడుగు, రెండు పొట్టి. కాస్త ఆగి, ఒక పొట్టి, ఒక పొడుగు. గరగర లేదు, శుభ్రంగా ఉంది. ఫణికిరణ్‌కి చెప్పాను, ఈ కూత ఆగకుండా మా మామయ్య తన చెవులు ఇచ్చాడని. వాడు జీపీఎస్ సంగతి ఎత్తలేదు. వాడు కూడా హెడ్‌సెట్ చెవులకి అదిమి పట్టుకుని విన్నాడు.

ముల్లు చాలాసేపు నిటారుగా విమానం ముక్కు వైపే చూపిస్తూ ఉంది, మనిషి దారి చూపిస్తున్నట్టు కాదు, దారి చూస్తున్నట్టు. దగ్గరయ్యేకొద్దీ దానికి నిలకడ తప్పింది. అటు ఊగింది, ఇటు ఊగింది. సరిగ్గా మీ షెడ్డు మీదికి వచ్చినప్పుడు ఏ వైపు చూపించాలో తెలియక ఒక్క క్షణం వణికింది. కిందికి చూశాను. రేకుల కప్పు, ఆ పక్కన స్తంభం, ఆరేసిన బట్టలు ఎవరివో.

తర్వాత ముల్లు ఒక్కసారి మొత్తం తిరిగిపోయింది. మేము ముందుకు వెళ్తున్నాం, మామయ్యా. అది మాత్రం వెనక్కి తిరిగి, మీ షెడ్డునే చూపిస్తూ, సముద్రం కనబడేదాకా అలాగే ఉంది.

మీ
బాల